వేటగాళ్ళ ఊరిలో నా ఫోటోలు

పోయిన సంక్రాంతి సెలవుల్లో మేము హోసూరు నుంచి వేడంతాంగల్ పోయినాము. చెన్నైకి సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉన్న పక్షుల చెరువు అది. తమిళంలో ఆ పేరుకు వేటగాళ్ళు విడిది చేసే ఊరు అని అర్థం. ఇప్పుడు అక్కడ వేటే లేదు!

దీని వెనుక ఒక కథ ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో తెల్ల సిపాయిలు ఇక్కడికి వచ్చి కొంగల్ని కాల్చేవాళ్ళు. ఊరి రైతులు ఊరుకోలేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి మంచి ఎరువు అని వాళ్ళకు తెలుసు. చెంగల్పట్టు కలెక్టరు దగ్గరికి పోయి మొర పెట్టుకున్నారు. 1798లో పక్షుల్ని కాపాడుకొనే హక్కు వాళ్ళకు దొరికింది. అప్పటికి ఫోటో అనేదే లోకంలో లేదు. ఫ్రాన్సులో డగేర్ పద్ధతి బయటపడింది 1839లో.

మొదట్లో ప్రయాణంలో ఫోటో తీయడం అంటే పెద్ద కష్టం. 1866లో శామ్యూల్ బోర్న్ హిమాలయాల్లో మనిరంగ్ కనుమ దాకా ఎక్కి ఫోటోలు తీశాడు. అది 18 వేల అడుగులకు పైన ఉంది. గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి, గుడారం చీకట్లో కడగాలి. ఆ సామానంతా మోసింది కూలీలు. ఫోటోల కింద బోర్న్ పేరు ఉంది, వాళ్ళ పేర్లు లేవు. నాకు అది బాధగా అనిపించింది.

మన తమిళనాడులోనే ఎం. కృష్ణన్ అనే ఆయన ఉండేవారు. 1912లో తిరునెల్వేలిలో పుట్టారు. వేర్వేరు భాగాలు జోడించి తానే ఒక కెమెరా తయారుచేసుకున్నారు. ముదుమలై అడవిలో ఏనుగు మీద కూర్చొని ఏనుగుల్నే ఫోటోలు తీశారు. ఆయన ఫోటోలన్నీ నలుపు తెలుపే. ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇంక నా సంగతి. నాయన ఫోను తీసుకొని కట్ట మీద నిలబడ్డాను. నీళ్ళలోని చెట్ల మీద గూళ్ళు, వాటిలో పసుపు ముక్కు పెద్ద కొంగలు. అవి కదలడం లేదు. ఎగిరితే ఫోటో బాగుంటుందని గట్టిగా ఈల వేసి చప్పట్లు కొట్టాను. నాలుగైదు లేచాయి. పక్కనున్న ఊరి తాత ఒకాయన కోపంగా తమిళంలో అన్నాడు: "తల్లి లేస్తే గుడ్లు కాకి పాలు. నువ్వు తుపాకి లేని వేటగాడివా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నాయన కూడా ఏమీ మాట్లాడలేదు. ఫోను జేబులో పెట్టేసినాను.

కొంచెంసేపటికి తాతే పిలిచి, "ఊరికే కూర్చొని చూడు" అన్నాడు. కూర్చున్నాను. ఒక కొంగ నోట్లో పుల్ల పట్టుకొని వచ్చింది. గూట్లో ఉన్నది ఆ పుల్లను అందుకొని సర్దింది. కొంగ రెక్కల్లో గులాబీ రంగు ఉంటుందని అప్పుడే చూశాను. మెల్లగా ఫోను తీసి ఒక్క ఫోటో తీశాను. కొంచెం మసకగా వచ్చింది. అయినా అంత సంతోషం నాకు ముందు తీసిన ఏ ఫోటోలోనూ లేదు.

ఈల వేసి తీసిన ఫోటోలు బస్సులోనే చెరిపేశాను. ఆ మసక ఫోటో మాత్రం ఇప్పటికీ నాయన ఫోనులో ఉంది.