పట్టిక చెబితే ప్రోగ్రాం రాసుకుంది

వైటూకే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ పనిమీద అమెరికా వచ్చిన మనవాళ్ళని డీసీఎల్‌జెన్ గురించి అడిగి చూడండి, ఓ చిన్న నవ్వు నవ్వుతారు.

డేటాని పట్టికలుగా చూడమని ఐబీఎంలో ఎడ్గార్ కాడ్ 1970లో రాశాడు. 1983లో డీబీటూ వచ్చింది. కాలమ్‌ల పేర్లు, రకాలు, పొడవులు అన్నీ దాని కేటలాగ్‌లోనే ఉంటాయి. డీసీఎల్‌జెన్ ఆ కేటలాగ్ చదివి, కోబాల్‌కి కావలసిన డిక్లరేషన్లు ఫైలుగా రాసిపెడుతుంది. పది అక్షరాల కాలమ్‌కి పిక్ ఎక్స్ పది. వార్‌క్యార్‌కి మాత్రం రెండు ముక్కలు: పొడవొకటి, అసలు అక్షరాలొకటి, రెండూ 49వ లెవెల్లో. వంద కాలమ్‌లకి ఇదంతా చేత్తో కొడితే ఎక్కడో ఓ అంకె జారక మానదు కదండీ!

చిక్కేమిటంటే, పట్టిక మారితే ఫైలు దానంతటది మారదు. మళ్ళీ తీయాలి, ప్రోగ్రాములు మళ్ళీ కంపైల్ చెయ్యాలి. మధ్యలో ఎవరైనా చేత్తో దిద్దుకుని ఉంటే ఆ దిద్దుళ్ళన్నీ ఎగిరిపోతాయి.

డీసీఎల్‌జెన్‌కి మూస దాని కడుపులోనే ఉంది. 2001 ప్రాంతంలో జావావాళ్ళకి వెలాసిటీ వచ్చాక మూస మన చేతికొచ్చింది. ఒకే పట్టిక నుంచి క్లాసు కావాలన్నా, స్క్రీను కావాలన్నా మూస మారిస్తే చాలు. 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్‌కి పేరు రావడంలో స్కాఫోల్డ్‌దీ పెద్ద వాటానే అని నా అభిప్రాయం.

మా టీములో అయితే, తీసిన ప్రతి ఫైలు మొదటి వరుసలో "చేత్తో దిద్దకండి" అని మూసే రాసేస్తుంది.