వేలి కింద కొట్టుకుంటున్నది

అర్ధరాత్రి దాటింది. పుదుచ్చేరి, గోరిమేడు, జిప్మర్ ఆసుపత్రి ప్రసూతి థియేటర్. గ్లవ్స్ వేసుకుని బల్ల పక్కన నిలబడ్డావు. ఎదురుగా మేడమ్. బల్ల మీద, యానాం నుంచి కాపురానికి వచ్చిన అమ్మాయి. సిజేరియన్ అయింది. బిడ్డ ఏడ్చింది. గర్భసంచి మాత్రం బిగుసుకోవడం లేదు. నీ అరచేతిలో తడిగుడ్డలా జారిపోతోంది.

బిగించే మందులు ఆక్సిటోసిన్ అయింది, కార్బోప్రోస్ట్ అయింది. బిగించే కుట్లూ వేశారు. సక్షన్ సీసా నిండుతూనే ఉంది. నిండు నెలల్లో నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం గర్భసంచిలోకే వస్తుంది. ఇప్పుడదంతా బయటికి.

"బీపీ 70, మేడమ్."

గర్భసంచి తీసేయాలా? తొలి కాన్పు.

"లోపలి ఇలియక్ ధమని కడదాం. వేలు పెట్టి చూడు," అంటుంది మేడమ్.

పేగులు పక్కకు జరిపి లోతుకు దిగుతావు. బొడ్డు మట్టంలో బృహద్ధమని రెండుగా చీలింది. ఒక్కో పాయా మళ్ళీ రెండు. బయటిది కాలికి పోతుంది. లోపలిది గర్భసంచికి, మూత్రాశయానికి, పిరుదులకు. పుస్తకంలో ధమనికి ఎరుపు, సిరకు నీలం వేస్తారు. ఇక్కడ అంతా ఎరుపే. వేలి కింద కొట్టుకుంటున్నది ఏది? బయటిది కట్టావో, కాలు పోతుంది.

చీలిక మీదుగా తెల్లటి సన్నని గొట్టం. తాకితే పురుగులా ముడుచుకుంది. మూత్రనాళం. పొరతో సహా పక్కకు తప్పించావు.

"పిరుదు పాయ వదిలెయ్. రెండున్నర సెంటీమీటర్లు కిందికి రా."

వంపు క్లాంప్. బయటి నుంచి లోపలికి. అడుగున సిర. కాగితమంత పలచన. చిరిగితే ఆపలేవు.

మెల్లగా.

మొన కనిపించింది. దారం.

"ఆగు! పాదం?"

నర్సు చెయ్యి గుడ్డ కిందికి పోయింది. "నాడి ఉంది మేడమ్."

ముడి. ఇంకో ముడి. రెండో వైపు.

రెండూ కడితే గర్భసంచి ఎండిపోదా? పోదు. నడుము నుంచీ పెద్దపేగు నుంచీ పిల్లకాలవలు వచ్చి కలుస్తాయి. 1960లలో బర్చెల్ అనే వైద్యుడు కొలిచాడు: రెండు వైపులా కడితే నాడి పోటు 85 శాతం పడిపోతుంది, ప్రవాహం సుమారు సగమే తగ్గుతుంది. పోటు తగ్గితేనే గడ్డ నిలుస్తుంది. ఇలా కట్టించుకున్నవాళ్ళు మళ్ళీ కన్నారు కూడా.

తెల్ల గుడ్డ నొక్కి తీస్తావు. ఎరుపు. మరొకటి. లేత ఎరుపు.

మరొకటి.

"బీపీ 90."

వరండాలో ఆమె తల్లి గోడకు ఆనుకుని ఉంది. నీ తెలుగు వినగానే లేచింది.

"మా పిల్ల...?"

"ఉంది పెద్దమ్మా. గర్భసంచి కూడా ఉంది."