నాటకము – చారిత్రక సాక్ష్యము : ‘పారమాటా గర్ల్స్’

‘ఇట్లు జరిగెను’ అనునది ఇతిహాసశబ్దమునకు వ్యుత్పత్త్యర్థము. ఆ మాట పలుకు అధికార మెవరిది యను ప్రశ్నకు ఆస్ట్రేలియా రచయిత్రి అలానా వాలెంటైన్ నాటకము ‘పారమాటా గర్ల్స్’ చక్కని ఉదాహరణము. ఇది 2007లో సిడ్నీ నగరమందలి బెల్వోయిర్ రంగస్థలమున ప్రథమముగా ప్రదర్శింపబడినది.

సిడ్నీకి పశ్చిమముననున్న పారమాటాలో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వము 1887లో బాలికల పారిశ్రామిక పాఠశాలను నెలకొల్పెను. అది నామాంతరములతో 1974 వరకు నడచినది. అందు చేర్పబడినవారిలో పలువురు ఏ నేరమును చేసినవారు కారు. ‘నైతిక ప్రమాదమున నున్నది’, ‘అదుపునకు లొంగనిది’ అను అభియోగములే చాలియుండెను. తమ కుటుంబములనుండి వేరుచేయబడిన ఆదిమజాతి బాలికలును అందు గలరు. 1961లో అచ్చట అల్లరులు చెలరేగెను. ఆ యేడే లొంగనివారికై హే పట్టణమందలి పాత చెరసాలలో వేరొక శిక్షాలయము తెరువబడెను. అందు బాలికలు నేలచూపులతో నడువవలెను. అనుమతి లేక మాటాడరాదు.

ఎనిమిదిమంది స్త్రీలు నడివయసు దాటిన పిదప ఆ పాత భవనమున మరల కలిసికొనుట నాటకమందలి ఇతివృత్తము. వర్తమానమునుండి బాల్యమునకును, బాల్యమునుండి వర్తమానమునకును కథ సాగుచుండును. పాత్రలు కల్పితములు, వాని కాధారము అచ్చట పెరిగిన స్త్రీలు రచయిత్రికి చెప్పిన అనుభవములు.

ఇట్టి కృతి చరిత్రకు ప్రమాణమగునా? పెక్కుమంది జీవితములు ఒక పాత్రయందు కలిసిపోవుటచే దీనినిబట్టి ఒక దినమునుగాని, ఒక వ్యక్తినిగాని నిర్ణయింపజాలము. ఈ ఆక్షేపణ సమంజసమే. కాని సంస్థయొక్క దస్త్రములను వ్రాసినవారు దానిని నడపినవారే. వానినే నమ్మిన పరిశోధకునకు బాలిక చేసిన తప్పు దొరకును; ఆమెకు జరిగిన అన్యాయము దొరకదు. దస్త్రమును ఏమని ప్రశ్నింపవలెనో ఈ నాటకము నేర్పుచున్నది.

తరువాతి పరిణామములును గమనింపదగినవి. సంస్థలలో పెరిగి విస్మృతులైనవారికి 2009 నవంబరు 16న ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటు భవనమున క్షమాపణ చెప్పెను. 2014లో రాయల్ కమిషన్ పారమాటా, హే సంస్థలలో జరిగిన అత్యాచారములపై బహిరంగ విచారణ జరిపెను. ఇవి నాటకమువలననే సంభవించినవనుట అతిశయోక్తి. ఆస్ట్రేలియా సెనేటు సంఘము 2004లోనే ఈ విషయమున నివేదిక సమర్పించియుండెను. అయినను విచారణ సంఘము ఎదుట ఆ స్త్రీలు తమ పేరిట సాక్ష్యము పలుకుటకు ఏడేండ్లు ముందుగనే వారి మాట రంగస్థలముపై వినబడినది. దస్త్రములతోపాటు అట్టి మాటలను గూడ పరిశీలించుట పరిశోధకుని ధర్మము.