బైక్ టిప్స్: పాత బండి కింద పెట్రోల్ చుక్కలు పడుతున్నాయా? సెల్ఫ్ నొక్కే ముందు ఇది చదవండి..

హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి.. ఐటీ కారిడార్‌లో ఎక్కడైనా సరే, డ్యూటీ దిగి సెల్లార్‌కి వస్తే బండి దగ్గర గుప్పుమని పెట్రోల్ వాసన. కింద తడి. ఎన్ని కిక్‌లు కొట్టినా స్టార్ట్ కాదు. పాత బైకులు నడిపేవాళ్లకు ఈ తిప్పలు కొత్తేం కాదు. మెకానిక్‌లు దీన్నే కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో అంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు రావడంతో కొత్త బండ్లు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అంతకుముందు కొన్న వాటిలో చాలావరకు కార్బొరేటర్‌వే.

అసలు ఎందుకు కారుతుంది?

కార్బొరేటర్ అడుగున చిన్న గిన్నెలాంటి ఫ్లోట్ బౌల్ ఉంటుంది. అందులో పెట్రోల్ నిండేకొద్దీ ఫ్లోట్ పైకి తేలి, నీడిల్ వాల్వ్‌ను నొక్కి దారి మూసేస్తుంది. ఇంట్లో సంపుకు బాల్ వాల్వ్ ఉన్నట్టే అన్నమాట. నీడిల్ దగ్గర చెత్త ఇరుక్కున్నా, నీడిల్ కొన అరిగినా, ఫ్లోట్‌కు చిల్లు పడినా దారి మూసుకోదు. పెట్రోల్ నిండిపోయి ఓవర్‌ఫ్లో పైపు నుంచి కారుతుంది. కొంత ఇంజిన్‌లోకి వెళ్లి ప్లగ్‌ను తడిపేస్తుంది. పాత బండ్లలోని రబ్బరు భాగాలు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో త్వరగా పాడయ్యే అవకాశం కూడా ఉంది.

వెంటనే ఏం చేయాలి?

* సెల్ఫ్ నొక్కొద్దు, కిక్ కొట్టొద్దు. ముందు పెట్రోల్ ట్యాప్ ఆఫ్ చేయాలి.
* బండిని తోసుకుంటూ బయట గాలి తగిలే చోటికి తేవాలి. సిగరెట్, లైటర్ దగ్గరికి రానివ్వొద్దు.
* ఇంజిన్ చల్లబడి, కారిన పెట్రోల్ ఆరిపోయాక ట్యాప్ ఆన్ చేసి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోట్ బౌల్‌ను మెల్లగా తట్టాలి. ఇరుక్కున్న చెత్త కదిలితే కారడం ఆగిపోతుంది.
* ఆగితే చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్‌లు కొట్టాలి. లోపల ఎక్కువైన పెట్రోల్ బయటకు పోతుంది. ఆ తర్వాత మామూలుగా స్టార్ట్ చేయాలి. అప్పటికీ కాకపోతే ప్లగ్ విప్పి తుడిచి ఆరబెట్టాలి.
* కారడం ఆగకపోతే ట్యాప్ ఆఫ్ చేసి మెకానిక్‌ను పిలవడమే మేలు. చాలా స్కూటర్లకు చేత్తో తిప్పే ట్యాప్ ఉండదు. అవి కారుతుంటే ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు.

సెల్లార్‌లో ఎందుకంత ప్రమాదం?

పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోకుండా నేల మీదే పరుచుకుంటుంది. చిన్న నిప్పురవ్వ పడినా పక్కనున్న బండ్లూ అంటుకుంటాయి. పడవల పాత మోటార్లలోనూ ఇదే ముప్పు. కారిన పెట్రోల్ ఆవిరి పడవ అడుగున చేరుతుంది కాబట్టి, గాలి ఆడనివ్వకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

ఇది మాత్రం మర్చిపోవద్దు!

రాత్రంతా కారితే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లోనూ కలవొచ్చు. ఆయిల్ లెవెల్ పెరిగినా, పెట్రోల్ వాసన వచ్చినా బండి నడపకుండా ఆయిల్ మార్పించాలి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే ఇంజిన్ పనికే వేలల్లో ఖర్చు. కార్బొరేటర్ క్లీనింగ్, కొత్త నీడిల్‌కు అయ్యేది అందులో కొంతే. బండి ఎక్కువసేపు ఆపినప్పుడు ట్యాప్ ఆఫ్ చేసే అలవాటు ఉంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.