ఏ పనీ చేయకుండానే ల్యాప్‌టాప్ వేడెక్కుతోందా? షాపుకు వెళ్లే ముందు ఈ పది నిమిషాల టెస్ట్ చేయండి

రామగిరి: స్క్రీన్ మీద ఒక్క విండో కూడా తెరిచి లేదు. సినిమా లేదు, గేమ్ లేదు. అయినా కీబోర్డు మీద చెయ్యి పెడితే సుర్రుమంటోంది. కొండ మీద గాలిమరలు తిరిగే రామగిరిలో, వాటికన్నా ఇంట్లో ల్యాప్‌టాప్ ఫ్యానే ఎక్కువ మోత మోగిస్తోందా? అయితే ముందుగా ఒకటి చూసుకోండి. తెల్లవారుజామున ఆరింటికి కూడా ఇలాగే వేడెక్కుతోందా, లేక మధ్యాహ్నం మాత్రమేనా?

మధ్యాహ్నం మాత్రమే అయితే తప్పు ల్యాప్‌టాప్‌ది కాకపోవచ్చు. మ్యాక్‌బుక్‌లు వాడాల్సిన గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని యాపిల్ చెబుతుంది. మిగతా కంపెనీల లెక్కా చాలావరకు అటూఇటూగా ఇదే. ధర్మవరం వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది. ఇక రేకుల ఇంట్లో సంగతి చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ లోపలి వేడిని గదిలోకి తోస్తుంది, అంతే. గదే 40 డిగ్రీలుంటే ల్యాప్‌టాప్ అంతకన్నా చల్లగా ఉండే ఛాన్సే లేదు. అలాగని ఎయిర్ కూలర్‌కు ఎదురుగా పెట్టకండి, ఆ తేమ గాలి లోపలి సర్క్యూట్లకు మంచిది కాదు. ఫ్రిజ్‌లో పెట్టే ఐడియా అయితే అసలే వద్దు. బయటికి తీయగానే లోపల నీరు పడుతుంది.

పొద్దున పూట కూడా కాలుతుంటే మాత్రం కారణం రెండింటిలో ఒకటి. లోపల మనకు తెలియకుండా ఏదో పని జరుగుతుండాలి, లేదా పుట్టిన కాస్త వేడి కూడా బయటికి పోలేకపోతుండాలి. ఇది తేల్చుకోకుండా షాపుకు వెళ్తే సాఫ్ట్‌వేర్ సమస్యకు ఫ్యాన్ మార్పించుకుని వస్తాం. చాలామంది డబ్బు పోయేది ఇక్కడే.

టెస్ట్ సింపుల్. ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా ఫ్రెష్‌గా మొదలు కాదు. తర్వాత ఏమీ ఓపెన్ చేయకుండా పది నిమిషాలు వదిలేయండి. ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మొదటి నిమిషం అంకెలు ఎగిరిపడతాయి, కంగారు పడకండి. అవి కుదురుకున్నాక సీపీయూ కాలమ్ చూడండి.

సీపీయూ 30, 40 శాతం దగ్గర ఉందంటే సమస్య సాఫ్ట్‌వేర్‌ది. సీపీయూ అన్న పదం మీద నొక్కితే ఎక్కువ వాడుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. అది విండోస్ అప్‌డేట్, సెర్చ్ ఇండెక్సర్, యాంటీమాల్‌వేర్ సర్వీస్ లాంటిదైతే గంటో రెండు గంటలో ఆగండి. మనం ఖాళీగా వదిలేసినప్పుడే విండోస్ తన ఇంటిపనులు మొదలుపెడుతుంది. చాలా రోజుల తర్వాత ఆన్ చేసిన ల్యాప్‌టాప్‌లో ఇది మామూలే. బ్రౌజర్ పేరు కనిపిస్తే అనవసరమైన ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. బ్రౌజర్ మూసినా వెనుక నడిచే ఆప్షన్ ఒకటి దాని సెట్టింగ్స్‌లో ఉంటుంది, దాన్ని కూడా ఆఫ్ చేయండి.

ఇంకో రకం ఉంది, కొంచెం తెలివైనది. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ సద్దుమణుగుతుంది, మూసేయగానే మళ్లీ మొదలవుతుంది. ఇలా జరుగుతుంటే మీ కరెంటుతో ఎవరో క్రిప్టోకరెన్సీ తవ్వుకుంటున్నారేమో అని అనుమానించాలి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో పాటు దూరే ఇలాంటి మైనర్లు కొన్ని టాస్క్ మేనేజర్‌ను చూసి దాక్కుంటాయి. విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి వాటికి దాక్కునే చోటు తక్కువ.

సీపీయూ ఐదు శాతం లోపే ఉండి కూడా ఫ్యాన్ మోగుతుంటే గాలి దారి మూసుకుపోయినట్టే. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడే అలవాటుంటే ముందు అది మానండి. కింది భాగంలోని గాలి రంధ్రాలు గుడ్డతో మూసుకుపోతాయి. చెక్క పలక మీద పెట్టి, వెనుక వైపు కింద రెండు సీసా మూతలు ఎత్తు పెట్టినా తేడా తెలుస్తుంది. మగ్గాలున్న ఇళ్లలో, పక్క గదిలో కూర్చుని చీరల డిజైన్లు కంప్యూటర్‌లో వేసేవాళ్లకు దుమ్ముతో పాటు పట్టు నూగు కూడా తోడవుతుంది. అది ఫ్యాన్ పక్కనుండే సన్నని లోహపు రేకుల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. పైపైన తుడిస్తే రాదు. పూర్తిగా ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, కింది మూత విప్పి, ఫ్యాన్ రెక్క తిరగకుండా పుల్లతో ఆపి, బ్లోయర్‌తో కొద్దికొద్దిగా ఊదాలి. మూత విప్పడం భయమనిపిస్తే షాపులో ఇవ్వండి, తప్పేం లేదు. కొన్నేళ్లు వాడిన ల్యాప్‌టాప్ అయితే థర్మల్ పేస్ట్ కూడా మార్చమని మీరే అడగండి.

మూత మూసి బ్యాగులో పెడితే కూడా వేడెక్కుతోందా? కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో స్లీప్ అంటే పూర్తి నిద్ర కాదు, ఫోన్ లాగా సగం మెలకువ. హిందూపురం నుంచి బెంగళూరు వెళ్లే రైల్లో బ్యాగు వెచ్చగా తగిలితే ఇదే కారణం కావచ్చు. ప్రయాణాల్లో స్లీప్ బదులు హైబర్నేట్ వాడండి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆన్ చేసుకోవచ్చు.

ఇక భయపడాల్సిన విషయం. 2022 ఏప్రిల్‌లో కడప జిల్లాలో ఇంటి నుంచి పని చేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ పేలి తీవ్రంగా కాలిపోయారు. షార్ట్ సర్క్యూట్ అని అప్పట్లో వార్తలొచ్చాయి. ప్రాసెసర్ వేడికి ఇలా జరగదు. చాలా ఇంటెల్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గరికి రాగానే స్పీడ్ తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే సిస్టమే ఆగిపోతుంది. ప్రమాదమంతా బ్యాటరీ, ఛార్జర్ల దగ్గరే. అందుకే వేడి ఎక్కడ పుడుతోందో చేత్తో చూడండి. కీబోర్డు పైభాగంలో, స్క్రీన్ దగ్గరగా అయితే అది సాధారణంగా ప్రాసెసర్. అరచేతులు ఆనించే చోట అయితే చాలా మోడళ్లలో అది బ్యాటరీ. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బినట్టు లెక్క. వెంటనే ఛార్జర్ తీసి ఆఫ్ చేయండి. నొక్కకండి, గుచ్చకండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి. మంచం మీద, బట్టల దగ్గర ఉంచకుండా గచ్చు నేల మీద పెట్టి, అదే రోజు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.