లోడు మీద తెలిసే నిజం

బళ్లారి నుంచి హగరి దారి పట్టండి. కోటగుట్ట వెనకపడేకొద్దీ రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి చేలు పరుచుకుంటాయి. మే నెల, సాయంత్రం నాలుగున్నర. పత్తికట్టె పీకేసిన భూమి అరచెయ్యి దూరేంత నెర్రెలిచ్చింది. కాస్త ముందుకెళితే ఆంధ్ర. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, బళ్లారి ఇటు మైసూరులో కలిసింది. పొలాల మీద మాత్రం తెలుగూ కన్నడమూ ఒకే నోట వినిపిస్తాయి.

బోరు పక్కనున్న ఆ తోట ఇంటి దగ్గర ఆగండి. మిద్దె మీద పాతిన గుంజ నుంచి వేపచెట్టు దాకా సాగిన రాగితీగను చూడండి. ఒక్కో వైపు 10 మీటర్లు. నట్టనడుమ నుంచి నల్లటి కేబుల్ కిందికి దిగి కిటికీలోంచి లోపలికి పోతుంది. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ యాంటెన్నా అది. చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి రండి.

బల్ల మీద 100 వాట్ల హామ్ రేడియో సెట్టు, వాళ్ల మాటలో రిగ్. దాని ముందు అరవై దాటిన పెద్దాయన, చేతిలో మైకు. పక్కన స్టూలు మీద పక్క పొలం కుర్రాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివాడు, చేతిలో మల్టీమీటర్ ఎప్పుడూ ఉంటుంది. స్పీకర్లోంచి హైదరాబాద్ స్టేషన్ మాట స్పష్టంగా వస్తోంది.

"సిగ్నల్ బాగుంది సార్. కానీ మీ మాట వెనక హమ్ వస్తోంది. గట్టిగా మాట్లాడినప్పుడల్లా పెరుగుతోంది."

"సన్నగా ఉందా, లావుగా ఉందా?"

"మరీ లావు కాదు సార్. పాత ట్యూబ్‌లైట్ చోక్ మోతలా ఉంది."

పెద్దాయనకు సగం జవాబు అక్కడే దొరికింది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. బ్రిడ్జి రెక్టిఫయర్ దాన్ని డీసీగా మార్చినప్పుడు మిగిలే అల సెకనుకు 100. హమ్ 50లో ఉంటే ఎర్త్ లూప్ మీదో, చెడిన డయోడ్ మీదో అనుమానం పడాలి. 100లో ఉంటే నాలుగు డయోడ్లూ పని చేస్తున్నట్టే. ఆ అలను అణచాల్సిన చోట అణచడం లేదు.

కుర్రాడు అప్పటికే స్క్రూడ్రైవర్ తీసుకుని పక్క గది వైపు లేచాడు. పవర్ సప్లై అక్కడుంది. ట్రాన్స్‌ఫార్మర్ మోత మైకులో పడకూడదని ఆయన దాన్ని ఆ గదిలో పెట్టుకున్నారు.

"అల్లుడా, మూత తియ్యాకు. ముందు గోడ దగ్గర సూడు."

కుర్రాడితో పాటు మీరూ సాకెట్ దగ్గర వంగండి. ఎరుపు కడ్డీ ఒక రంధ్రంలో, నలుపు కడ్డీ ఇంకో దాంట్లో. అంకెలు అటూ ఇటూ ఊగి 174 దగ్గర నిలిచాయి. కిటికీ బయట నుంచి మోత వినండి: ఒకటి కాదు, నాలుగైదు మోటార్లు.

"త్రీ ఫేజ్ ఇచ్చినారు మామా. అందరూ ఒక్కసారే ఏసుకున్యారు."

ఇప్పుడు ఆ ఇనప పెట్టెలో జరిగేది ఊహించండి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న ట్రాన్స్‌ఫార్మర్ అందులో ఉంది. గోడలో 230 వోల్టులు ఉంటే అవతల 18 ఇస్తుంది. రెక్టిఫయర్ దాటి కెపాసిటర్ల మీద అది సుమారు 23 వోల్టుల డీసీ అవుతుంది. హీట్‌సింక్ మీద వరసగా బిగించిన 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు దాన్ని 13.8కి దింపి, కదలకుండా పట్టుకోవాలి. అలా పట్టుకోవాలంటే వాటికి పైన రెండు మూడు వోల్టుల మిగులు కావాలి. 20 ఆంపియర్లు లాగినప్పుడు 40,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మీద కూడా అల 5 వోల్టుల దాకా ఊగుతుంది. గోడలో 230 ఉన్నప్పుడు అల అడుగు కూడా రెగ్యులేటర్‌కు కావలసిన ఎత్తులోనే ఉంటుంది. 174కి పడిపోతే అల శిఖరం మాత్రమే ఆ ఎత్తుకు అందీ అందనట్టు ఉంటుంది. అడుగు 12 వోల్టుల దగ్గరికి దిగిపోతుంది. సెకనుకు నూరుసార్లు రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. హైదరాబాద్‌లో వినిపించిన హమ్ అదే.

ఇంతవరకు అనుమానమే. దాన్ని రుజువు చేయాలి. పెద్దాయన 174ను 230 దాకా ఎత్తగల డిమ్మర్‌స్టాట్ బయటికి తీసి గోడకూ పవర్ సప్లైకీ మధ్య పెట్టారు. యాంటెన్నా కేబుల్ విప్పి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించారు. గాలిలో ఎవరి మాటకూ అడ్డం రాకుండా, నిండు పవర్ మీద పరీక్షించడానికి అదే దారి. ఇంకో లాభమూ ఉంది. డమ్మీ లోడ్ మీద సరిగ్గా నడిచి, యాంటెన్నా మీద తిక్క చేస్తే తప్పు పవర్ సప్లైది కాదు. యాంటెన్నా నుంచి రేడియో తరంగాలు గదిలోకి తిరిగొచ్చి తీగల్లో దూరుతున్నాయన్న మాట.

డిమ్మర్‌స్టాట్ గుండీ మెల్లగా తిరిగింది. 180, 200, 230. రెండో రేడియోలో వింటున్న కుర్రాడు తలెత్తాడు. "హమ్ పోయింది మామా!"

"పోయింది. ఇంగ దాన్ని అట్లే వదిలెయ్యాకు. మోటార్లు ఆపుతూనే గోడలో 230 వస్తుంది. నువ్వు తిప్పిన లెక్కన పెట్టెకు 300 దాటి పోతుంది."

కాబట్టి అది పరీక్షకే తప్ప మందు కాదు. మందు గురించి మాట్లాడుకునేలోపే రెండో జబ్బు బయటపడింది. పెద్దాయన పవర్ నిండుగా పెంచి ప్రసారం చేసే కీ నొక్కారు. రిగ్ తెర మీద దీపం మిణుక్కుమంది. రిగ్ ఆరిపోయి, మళ్లీ తనంతట తానే వెలిగింది.

"పవర్ సప్లై దగ్గర ఎంతుంది?"

"13.8. కీ నొక్కినా కదల్లేదు మామా."

"రిగ్ వెనక సూడు."

మీటరు కడ్డీలు రిగ్ వెనకనున్న ప్లగ్ పిన్నుల మీదికి వచ్చాయి. ఊరికే ఉన్నప్పుడు 13.7. కీ నొక్కగానే 11.6. ఇలాంటి రిగ్‌లకు తయారీదారులు సాధారణంగా ఇచ్చే హద్దు 13.8కి అటూ ఇటూ 15 శాతం. అంటే కింది హద్దు సుమారు 11.7. దాని కిందికి జారితే రిగ్ ఆగిపోవడం న్యాయమే.

మరి దారిలో ఆ 2.2 వోల్టులు ఎక్కడ పోయాయి? పక్క గది నుంచి బల్ల దాకా తీగ 5 మీటర్లు. పోనూ రానూ 10 మీటర్లు. ఇళ్లలో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు మీటరుకు దాదాపు 7.4 మిల్లీఓమ్‌ల నిరోధం. 20 ఆంపియర్లు పారితే ఒకటిన్నర వోల్టు తీగలోనే ఖర్చయిపోతుంది. తుంగభద్ర కాలువ కింద చివరి మడి రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. తూము దగ్గర నీళ్లు నిండుగానే ఉంటాయి, తన మడికి చేరేసరికి పారకం ఉండదు.

మిగిలిన 0.7 వోల్టు కోసం కుర్రాడు మీటరును మిల్లీవోల్టుల మీద పెట్టాడు. కీ నొక్కి ఉండగా తీగ మీది ఒక్కో అతుకుకు అటొక కడ్డీ, ఇటొక కడ్డీ ఆనించాడు. రింగ్ టెర్మినల్ దగ్గర కొద్దిగా, ప్లగ్ దగ్గర ఇంకా కొద్దిగా. ఫ్యూజ్ హోల్డర్ దగ్గర మీటరు ఒక్కసారిగా ఎగిరింది. దగ్గరికి వచ్చి చూడండి. నల్ల ప్లాస్టిక్ ఒక పక్క గోధుమరంగుకు తిరిగి కొంచెం కుంగింది. లోపలి ఇత్తడి పట్టీ నిగనిగ పోయి మసిబారింది, దాని స్ప్రింగు బిగువు తప్పింది. వేలితో తాకిన కుర్రాడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. 0.7 వోల్టును 20 ఆంపియర్లతో గుణిస్తే 14 వాట్లు. అందులో ఎక్కువ భాగం గోరంత పట్టీలో వేడిగా దిగుతోంది.

"ఫ్యూజ్ మంచిదే కదా మామా, నిన్న సూస్తే సౌండ్ వచ్చింది."

"సౌండుకు మీటరు పంపేది మిల్లీఆంపియర్లు. దానికి ఏ అతుకైనా మంచిదే. ఇరవై ఆంపియర్లు పోనిచ్చి అడుగు, అప్పుడు చెప్తుంది."

ఈ పనిలో ఇంతకన్నా విలువైన మాట లేదని నా నమ్మకం. ఖాళీగా ఉన్నప్పుడు ప్రతిదీ బాగానే కనిపిస్తుంది. నిజం లోడు మీదే తెలుస్తుంది.

కరెంటు తీసి, కెపాసిటర్ల మీద 24 వోల్టుల లారీ బల్బు ఆనించి అది వెలిగి ఆరేదాకా ఆగారు. ఆ తర్వాతే పెట్టెలో చెయ్యి పెట్టారు. పాత వాల్వు ట్రాన్స్‌మిటర్ల లోపల వందల వోల్టులు, పెద్ద యాంప్లిఫయర్లలో వేలు ఉంటాయి. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో చావు దాగి ఉంటుంది. ఈ అలవాటు ఆ రోజుల నుంచి వచ్చింది, పోకూడదు. లోపల ఆయన చూసింది ప్రధానంగా ఒక్కటే: క్రౌబార్ సర్క్యూట్. ఒక 2ఎన్3055 షార్ట్ అయితే ఆ 23 వోల్టులూ నేరుగా రిగ్ మీదికి పోతాయి. అది జరిగిన మరుక్షణం ఒక ఎస్‌సీఆర్ ఆ దారిని షార్ట్ చేసి ఫ్యూజ్‌ను ఎగరగొట్టాలి. బెంచి మీద దానికి వోల్టేజీ పెంచి చూశారు, 15 దాటగానే పడింది. సొంతంగా పవర్ సప్లై కట్టుకున్న ప్రతి హామ్ పెట్టెలోనూ ఇది ఉండి తీరాలి.

ఫ్యూజ్ హోల్డర్ మారింది. పవర్ సప్లై బల్లకు దగ్గరగా జరిగింది. తీగ 6 చదరపు మిల్లీమీటర్లది, ఒకటిన్నర మీటరే. ఆ తీగలో ఇప్పుడు పోయేది 0.2 వోల్టు లోపే. కీ నొక్కితే రిగ్ వెనక 13.5.

ఇక గోడలో పడిపోయే వోల్టేజీకి మందు. మధ్యలో బ్యాటరీ ఉంటే మోటార్ల ఆటుపోట్లు రిగ్ దాకా రావు. ఇంటి ఇన్వర్టర్ తాలూకు పాత ట్యూబులర్ బ్యాటరీ మూలన ఉంది. మీటరు పెడితే 12 దాటింది.

"నిండుగా ఉండాది మామా."

"లోడు పెట్టి చెప్పు."

రిగ్ తగిలించి కీ నొక్కగానే 10.4. పెద్దాయన హైడ్రోమీటరు అందించారు. కుర్రాడు ఒక్కో మూత తీసి యాసిడ్ పీల్చి, తేలే గుండు మీద అంకె చదివాడు. ఐదు సెల్లుల్లో 1.230కి అటూ ఇటూ. నాలుగోదానిలో 1.110. ఆరు సెల్లులు వరసగా కలిస్తేనే 12 వోల్టులు. ఒక్కటి నీరసించినా మిగతా ఐదూ దాన్ని మోయలేవు. బ్యాటరీ మార్చాల్సిందే. కొత్తది రిగ్ పక్కనే, గాలి ఆడే చోట పెట్టాలని నిశ్చయమైంది. ఆ రాత్రికి ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలించారు. కీ నొక్కితే 12.3.

యాంటెన్నా తిరిగి తగిలించి బ్యాటరీ మీద నడుపుతుండగానే ఇంకో మేలు జరిగింది. ఇంటి మెయిన్ స్విచ్ దించగానే స్పీకర్లోని బరబర ఒక్కసారిగా తగ్గింది. రిగ్ మీది సిగ్నల్ మీటరు ముల్లు ఎస్8 నుంచి ఎస్2కి దిగింది. నిన్నటిదాకా వాతావరణం అనుకున్నది ఇంట్లోదే. మెయిన్ ఎక్కించి ఒక్కో ఎంసీబీ వేసుకుంటూ వచ్చారు. వంటిల్లు, ఏమీ లేదు. నడవ, ఏమీ లేదు. గొడ్ల కొట్టం వేయగానే బరబర తిరిగొచ్చింది. అక్కడ వెలుగుతున్నది చవక ఎల్ఈడీ బల్బు, దాని లోపలి చిన్న స్విచింగ్ సర్క్యూట్‌లో ఫిల్టరే లేదు. బల్బు మారింది, బ్యాటరీ చార్జర్ తీగకు ఫెరైట్ రింగు కూడా పడింది.

తూర్పున ఆకాశం నల్లబడింది. ఆలూరు వైపు మెరిసింది. పెద్దాయన లేచి యాంటెన్నా కేబుల్ విప్పి కిటికీ బయట వేశారు, ప్లగ్గులు పీకారు. పిడుగుకు పరీక్ష పెట్టకూడదు. పెరట్లో ఎర్త్ గుంత దగ్గరికి ఆయన వెంట నడవండి. నల్లరేగడి ఎండకు కుంచించుకుపోయి, పాతిన పైపుకూ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. అటువంటి ఎర్త్ పేరుకే ఎర్త్. బొగ్గు, ఉప్పు నింపి, బిందెల కొద్దీ నీళ్లు పోశారు. ఈ నేలలో ఎండాకాలమంతా చేయాల్సిన పని ఇది.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లకు 2004 డిసెంబరు గుర్తు చేయాలి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతి ప్రసాద్ నాయకత్వంలో వెళ్లిన బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ, వీయూ4ఎన్‌ఆర్‌ఓ పేర్లతో మాట్లాడుతోంది. గాలిలో అరుదుగా వినిపించే ఆ అండమాన్ దీవుల కోసం ప్రపంచంలోని హామ్‌లు వరస కట్టారు. 26వ తేదీన భూకంపం, సునామీ. ఫోన్లు మూగబోయాయి. సరదాగా మొదలైన ఆ స్టేషనే ఆత్మీయుల క్షేమ సమాచారాన్ని సముద్రం దాటించింది. ఈ ప్రాంతానికి 2009 అక్టోబరు తెలుసు. హగరి నది వెళ్లి కలిసే ఆ తుంగభద్రే పొంగి మంత్రాలయాన్ని, కర్నూలును ముంచింది. అలాంటి రోజున ముందు పోయేది కరెంటు. ఆ రోజు రిగ్ ఎంత ఖరీదైనదని ఎవరూ అడగరు. బ్యాటరీలో నాలుగో సెల్లు బాగుందా, ఫ్యూజ్ హోల్డర్ పట్టు గట్టిగా ఉందా అన్నదే లెక్కకు వస్తుంది.

వాన వెలిశాక మెయిన్ స్విచ్ దించి, బ్యాటరీ మీద, హైదరాబాద్‌ను మళ్లీ పిలిచారు. "హమ్ లేదు సార్. శుభ్రంగా ఉంది." కుర్రాడు మైకు ముట్టుకోలేదు, లైసెన్సు పరీక్ష ఇంకా రాయలేదు. కానీ లాగ్ పుస్తకంలో చివరి పేజీ అతనిదే: గోడ, పవర్ సప్లై, రిగ్ వెనక, బ్యాటరీ. ప్రతిదాని ఎదురుగా రెండు గడులు గీశాడు: ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, కీ నొక్కినప్పుడు ఎంత.

ఆ పేజీ ప్రతి స్టేషన్‌లోనూ ఉండాలి. మీకు స్టేషన్ ఉంటే ఈ నెలలోనే ఒక సాయంత్రం మెయిన్ దించండి. డమ్మీ లోడ్ మీద నిండు పవర్‌తో కీ నొక్కి, రెండో గడి నింపండి. మీ స్టేషన్ ఆపదకు పనికొస్తుందో లేదో ఆ గడిలో అంకె చెబుతుంది.