వెండితెర బాలకృష్ణుడు – సాలూరి రాజేశ్వరరావు

తెలుగు టాకీల తొలినాళ్ళలో తెరపై కనిపించువారే పాడవలసియుండెడిది. నటన సాగుచుండగనే పాటయు ధ్వనిముద్రితమగుచుండెను. వాద్యకారులు కెమేరాకు కానరాని చోట కూర్చుండి వాయించుచుండిరి. రూపము, గళము, తాళజ్ఞానము మూడును ఒక్కరియందే కూడియుండవలసిన కాలమది. కనుకనే రంగస్థల గాయకనటులకును, చక్కగా పాడగల బాలబాలికలకును స్టూడియో ద్వారములు తెరువబడినవి. ఆ ద్వారమున ప్రవేశించిన బాలురలో సాలూరి రాజేశ్వరరావుగారు అగ్రగణ్యులు.

వారు 1922వ సంవత్సరమున సాలూరు సమీపమునందలి శివరామపురమున జన్మించిరి. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనమునకు ప్రక్కవాద్యము వాయించినవారు. కుమారునకు స్వరలయల పరిచయము ఇంటనే కలిగినది. 1935లో వెలువడిన "శ్రీకృష్ణలీలలు" చిత్రమున, వేమూరి గగ్గయ్యగారు కంసుడుగా నటింపగా, కృష్ణ పాత్రను ధరించినది ఈ బాలుడే. సుప్రసిద్ధ రంగస్థల నటుని యెదుట నిలిచి పాడి, ప్రేక్షకుల మన్ననలందుట సామాన్య విషయము కాదు.

అయినను బాలప్రతిభకు ఒక గండము కలదు. వయసుతో రూపము మారును, గొంతు మారును. నిన్నటి చప్పట్లు రేపటికి అన్నము పెట్టవు. అట్లు మరుగున పడిన బాలనటులు మన చిత్రసీమలో ఎందరో కలరు. రాజేశ్వరరావుగారు మాత్రము వచ్చిన కీర్తితో తృప్తిపడక తిరిగి విద్యార్థియైరి. కలకత్తాలో నున్న కాలమున హిందూస్థానీ సంగీతమును, వంగదేశపు పాటల పోకడలను శ్రద్ధతో ఆకళించుకొనిరి. సితారు మున్నగు వాద్యములను అభ్యసించిరి.

ఆ కృషి ఫలము 1940లో గూడవల్లి రామబ్రహ్మముగారి "ఇల్లాలు" చిత్రమున గోచరించినది. అందు వారు నటులు, గాయకులు, సంగీత దర్శకులును. రావు బాలసరస్వతీదేవిగారితో కలసి పాడిన గ్రామఫోను గీతములు తెలుగు లలిత సంగీతమునకు బాట వేసినవి.

ఇంతలో నేపథ్యగానము వచ్చినది. పాట ముందుగా ముద్రితమగుట, నటులు పెదవులు కదల్చుట ఆచారమైనది. ముఖము, గళము వేరుపడినవి. పలువురు గాయకనటులకు ఈ మార్పు జీవనసమస్యయే యైనది. రాజేశ్వరరావుగారు తెరముందు స్థానమును విడిచి తెరవెనుకకు తరలిరి. జెమిని వారి "చంద్రలేఖ" 1948లోను, వాహినీ వారి "మల్లీశ్వరి" 1951లోను వారి సంగీతముతో వెలువడినవి. "మల్లీశ్వరి"లో భానుమతిగారు తమ పాటలను తామే పాడుకొనగా, నాయకుడైన ఎన్.టి. రామారావుగారికి ఘంటసాలగారు పాడిరి. పాతక్రొత్త పద్ధతులు రెండును ఒక్క చిత్రముననే ఇమిడినవి.

1967లో వచ్చిన "భక్త ప్రహ్లాద"కు సంగీతము వీరిదే. అందు ప్రహ్లాదుడుగా నటించిన బాలిక రోజారమణి. పాటలు మాత్రము నేపథ్యగాయనివి. ఒకప్పుడు తానే నటించి తానే పాడిన బాలుడు, ఇప్పుడు పసిపాత్రకు స్వరము కూర్చు పెద్దయైనాడు.

1999లో వారు కన్నుమూసిరి. కృష్ణుని వేషము బాల్యముతో ముగిసినది. అభ్యసించిన విద్య కడవరకు వెంట నడచినది. పిల్లలలో ప్రతిభ కనిపించినప్పుడు సభలు వెదకుటకంటె గురువును వెదకుట మేలని వారి జీవితము చాటుచున్నది.